మూడు ముళ్లకు కాగితాల సాక్ష్యం

అమెరికా వలస చట్టం ముందుకు వచ్చిన ప్రతి పెళ్లీ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. జరిగిన చోట ఆ పెళ్లి చట్టప్రకారం చెల్లుతుందా అన్నది మొదటిది. కలిసి కాపురం చేయాలన్న ఉద్దేశంతోనే ఆ ఇద్దరూ పెళ్లాడారా అన్నది రెండోది. మొదటిదానికి ఒక్క ధ్రువపత్రం సరిపోతుంది గాని, రెండోదానికి కాపురం సాగే కొద్దీ పోగయ్యే కాగితాలే జవాబు. అమెరికాలో శాశ్వతంగా ఉంటూ నచ్చిన ఉద్యోగం చేసుకునే హక్కును ధ్రువీకరించే గ్రీన్‌కార్డు పెళ్లి ద్వారా రావాలంటే ఈ రెండు పరీక్షలూ దాటాలి; వాటిని నిరూపించే భారం ప్రభుత్వానిది కాదు, పూర్తిగా దంపతులదే.

భారతీయులకు ఈ దారి తెరుచుకొని వందేళ్లు కూడా కాలేదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, పౌరసత్వానికి అర్హులైన శ్వేతజాతీయుల కిందికి భారతీయులు రారని తీర్పు చెప్పింది. అలాంటి అర్హత లేని విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్నే పోగొట్టుకుంటుందన్న 1922 నాటి కేబుల్ చట్టపు నిబంధన దానికి తోడవడంతో, భారతీయుణ్ణి కట్టుకున్న పాపానికి ఆమె పుట్టిన గడ్డ మీదే పరాయిదయ్యే పరిస్థితి ఏర్పడింది. ఆ నిబంధన 1931లో రద్దయింది. 1946 నాటి లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వ అర్హతను, ఏడాదికి 100 మందికి వలస అవకాశాన్ని ఇచ్చింది. 1965 సవరణతో దేశాలవారీ పాత కోటాలు పోయి, కుటుంబ బంధం వలసకు ప్రధాన ఆధారమైంది.

నేటి చట్టంలో అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది, పిలిపించుకునే వ్యక్తి అమెరికా పౌరుడా లేక గ్రీన్‌కార్డుదారుడా అన్న సంగతి. పౌరుల భార్యాభర్తలను చట్టం అతి దగ్గరి బంధువులుగా గుర్తిస్తుంది కాబట్టి వారికి వార్షిక పరిమితి లేదు, దరఖాస్తు పరిశీలనకు పట్టే కాలం తప్ప వరుసలో నిలబడవలసిన పని లేదు. గ్రీన్‌కార్డుదారుల భార్యాభర్తలు మాత్రం ఎఫ్2ఏ అనే తరగతి కిందికి వస్తారు. వారికీ, ఆ గ్రీన్‌కార్డుదారుల మైనరు పిల్లలకూ కలిపి, కుటుంబ రెండో ప్రాధాన్యానికి ఏటా కేటాయించిన 1,14,200 వీసాలలో 77 శాతం మాత్రమే దక్కుతాయి గనుక వంతు వచ్చేదాకా ఎదురుచూడవలసి ఉంటుంది. ఈలోగా భర్త పౌరసత్వం తీసుకుంటే భార్య దరఖాస్తు పౌరుల భార్యాభర్తల తరగతికి మారుతుంది.

తెలుగు కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. హెచ్-1బి వీసాపై ఉద్యోగం చేసే యువకుడు పెళ్లి చేసుకుంటే భార్య హెచ్-4 వీసాపై వెంట వెళ్లగలదు. అదే యువకుడికి గ్రీన్‌కార్డు వచ్చిన తరువాత పెళ్లయితే హెచ్-4 అవకాశం పోయి, ఆమె ఎఫ్2ఏ వరుసలో నిలబడాలి. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు పొందే వ్యక్తికి అది మంజూరు కావడానికి ఒక్కరోజు ముందు పెళ్లయినా, భార్య అతనికి ఆశ్రితురాలిగా అదే తేదీల ప్రకారం తన కార్డును పొందే హక్కు కలిగి ఉంటుంది. ఒక్కరోజు తరువాత అయితే ఆ హక్కు ఉండదు. మంచి ముహూర్తం కోసం పంచాంగం చూసే పెద్దలు, వరుడి గ్రీన్‌కార్డు దరఖాస్తు ఏ దశలో ఉందో కూడా అడిగి తెలుసుకోవడం అమ్మాయికి మేలు చేసే పని. ఆరా తీశారని వరుడివైపు వారికి కలిగే నొప్పి కంటే భార్యాభర్తలు చెరో దేశంలో గడిపే ఏళ్ల నొప్పి పెద్దది.

ప్రక్రియ ఐ-130 అనే అర్జీతో మొదలవుతుంది. అది బంధాన్ని గుర్తించమని కోరేదే తప్ప దానంతటది ఏ హోదానూ ఇవ్వదు. పౌరుడి భార్య చట్టబద్ధంగా ప్రవేశించి అమెరికాలోనే ఉంటే, ఐ-485 అనే హోదా మార్పు దరఖాస్తును దానితోపాటే వేయవచ్చు, పని చేసుకునేందుకు అనుమతినీ అడగవచ్చు. అయితే ముందస్తు ప్రయాణ అనుమతి లేకుండా దేశం దాటితే, హెచ్, ఎల్ వంటి కొన్ని వీసాలవారికి తప్ప, ఆ దరఖాస్తును వదులుకున్నట్లే లెక్క. ఆమె భారతదేశంలో ఉంటే అర్జీ ఆమోదం పొందాక జాతీయ వీసా కేంద్రానికి వెళుతుంది, అక్కడ డీఎస్-260 అనే వలస వీసా దరఖాస్తును, పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీసు ధ్రువపత్రం వంటివాటిని సమర్పించాలి. హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉన్నా, వలస వీసా ఇంటర్వ్యూలకు తెలుగువారు ఎక్కువగా ముంబయి వెళ్లవలసి వస్తుంది. అమెరికాలో స్థిరపడాలన్న ఉద్దేశాన్ని దాచి కొత్తకోడలిని పర్యాటక వీసాపై తీసుకెళ్లడం మాత్రం చాలా ప్రమాదకరం. దాన్ని అబద్ధం చెప్పి వీసా పొందినట్లుగా పరిగణిస్తే తరువాతి దారులన్నీ మూసుకుపోవచ్చు.

తెలుగువారి దరఖాస్తుల్లో చిక్కుముడి తరచుగా పేరు దగ్గర పడుతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరుకు బదులు ఒక్క పొడి అక్షరం ఉంటుంది. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు పూర్తిగా విడిపోయి ప్రత్యేక గడిలో కనిపిస్తుంది. పెళ్లి ధ్రువపత్రంలో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం భర్త ఇంటిపేరును చేర్చి ఉండవచ్చు. జనన ధ్రువపత్రంలో, నమోదు నాటికి ఇంకా పేరే పెట్టకపోవడం వల్ల పేరు గడి ఖాళీగా ఉండవచ్చు. ఇంటిపేరు ముందు రాసే అలవాటు తెలియని అధికారికి ఇవి నలుగురు మనుషుల కాగితాలుగా తోస్తాయి. అందువల్ల అన్నిటా ఒకే వ్యక్తి అని తెలిపే ప్రమాణపత్రాన్ని ముందే సిద్ధం చేసుకోవడం మంచిది. ఉమ్మడి రాష్ట్రంలో 2002 నాటి చట్టం ప్రతి పెళ్లి నమోదునూ తప్పనిసరి చేసింది. శుభలేఖ, లగ్నపత్రిక, కల్యాణమండపం రసీదు పెళ్లికి సహాయక సాక్ష్యాలే గాని నమోదు పత్రానికి బదులు కావు. తెలుగులో ఉన్న ఏ కాగితానికైనా పూర్తి ఇంగ్లిషు అనువాదం, అది సమగ్రమని, సరైనదని, అనువదించే సామర్థ్యం తనకుందని అనువాదకుడు సంతకం చేసిన ప్రకటన జత చేయాలి.

డబ్బుకు సంబంధించి ఐ-864 అనే పోషణ హామీపత్రం ఉంది. ఇది మర్యాదకు చేసే సంతకం కాదు, కోర్టులో అమలు చేయించగల ఒప్పందం. పిలిపించుకునే వ్యక్తి ఆదాయం ప్రభుత్వం ప్రకటించే పేదరిక ప్రమాణానికి 125 శాతం ఉండాలి. 2025 లెక్కల ప్రకారం చాలా రాష్ట్రాల్లో ఇద్దరున్న ఇంటికి అది ఏడాదికి 26,437 డాలర్లు. అంత లేకపోతే అమెరికాలో నివసించే మరో పౌరుడు గాని గ్రీన్‌కార్డుదారుడు గాని ఉమ్మడి హామీదారుగా నిలవవచ్చు. బంధుత్వం కొద్దీ ఈ సంతకం చేసే మేనమామలూ బాబాయిలూ తెలుసుకోవలసింది ఏమిటంటే, విడాకులతో ఈ బాధ్యత తీరదు. వచ్చిన వ్యక్తి పౌరసత్వం పొందడమో, సుమారు పదేళ్ల పనికి సమానమైన 40 త్రైమాసికాలు లెక్కకు రావడమో, దేశం విడిచి హోదా వదులుకోవడమో, మరణమో సంభవించేదాకా అది నిలిచే ఉంటుంది.

ఇక రెండో ప్రశ్న. పెళ్లాడిన సమయానికి కలిసి జీవితం నిర్మించుకోవాలన్న ఉద్దేశం ఉందా అన్నదే గీటురాయి అని 1975లో బార్క్ కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు స్పష్టం చేసింది. ఆ తరువాత విడిపోయినంత మాత్రాన అది దొంగ పెళ్లి అయిపోదు. పెద్దలు కుదిర్చిన పెళ్లిలో నిశ్చితార్థానికి ముందు పరిచయం కొద్దిరోజులదే కావచ్చు, దాన్ని దాచుకోవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. సంబంధం ఎవరు తెచ్చారు, పెళ్లిచూపులు ఎక్కడ జరిగాయి, ఏ పెద్దలు మాట్లాడుకున్నారు అన్న సంగతులను ఉన్నదున్నట్లు రాసి, ఫొటోలనూ ప్రయాణ టికెట్లనూ జత చేస్తే అదే బలమైన సాక్ష్యం. కలిసి ఉన్నాక ఇద్దరి పేర్ల మీద అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా, పన్ను రిటర్నులు, బీమా నామినేషన్ తోడవుతాయి. అనుమానం వస్తే దంపతులను వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టి, మంచానికి ఏ పక్క ఎవరు పడుకుంటారన్నంత చిన్న విషయాలు అడుగుతారు. బట్టీపట్టిన జవాబు కంటే గుర్తులేదన్న నిజాయితీ మేలు. దొంగ పెళ్లి అని రుజువైతే ఐదేళ్ల దాకా జైలు, 2,50,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. అంతేకాక అలా వలస కోరిన వ్యక్తి కోసం ఇకపై ఎవరు అర్జీ పెట్టినా ఆమోదం దొరకదు.

గ్రీన్‌కార్డు చేతికొచ్చే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే, 1986 చట్టం ప్రకారం అది రెండేళ్ల షరతుల కార్డు మాత్రమే. ఆ గడువు ముగిసే ముందు 90 రోజుల్లో భార్యాభర్తలు ఉమ్మడిగా ఐ-751 దాఖలు చేసి షరతులు తొలగించుకోవాలి, లేకుంటే హోదా పోతుంది. ఈ ఉమ్మడి సంతకాన్ని ఆయుధంగా చేసుకుని, చెప్పిన మాట వినకపోతే ఇండియాకు పంపించేస్తానని బెదిరించే భర్తలు ఉన్నారు. ఆ బెదిరింపుకు చట్టంలో బలం లేదు. నిజమైన ఉద్దేశంతో చేసుకున్న పెళ్లి విడాకులతో ముగిసినా, భర్త కొట్టినా, తీవ్రంగా హింసించినా భార్య ఒంటరిగానే మినహాయింపు కోరవచ్చు. ఇంకా గ్రీన్‌కార్డు రాకముందే హింస మొదలైతే, 1994 నాటి మహిళలపై హింస నిరోధక చట్టం కింద, పౌరుడి భార్యకైనా గ్రీన్‌కార్డుదారుడి భార్యకైనా భర్తకు తెలియకుండా ఐ-360 ద్వారా సొంతంగా అర్జీ పెట్టుకునే హక్కు ఉంది, ఆ సమాచారాన్ని అతనికి చెప్పకుండా చట్టమే కట్టడి చేస్తుంది. హింసకు గురయ్యే భర్తలకూ ఇవే హక్కులు వర్తిస్తాయి.

అమ్మాయిని అమెరికా పంపే తల్లిదండ్రులు ఆమె పాస్‌పోర్టు, పెళ్లి ధ్రువపత్రం, ప్రతి దరఖాస్తు రసీదు నకళ్లు ఆమె దగ్గర ఒక జత, తమ దగ్గర ఒక జత ఉండేట్టు చూడాలి. భర్త సంతకం లేకుండా కూడా ఐ-751 దాఖలు చేసే వీలుందన్న సంగతిని విమానం ఎక్కకముందే ఆమెకు చెప్పి పంపాలి.