నూతన వాస్తుశిల్పము – ఒక గ్రంథము, ఒక గృహము

వాస్తుశిల్పులను గూర్చిన గ్రంథములను చదువునపుడు వారి ఆశయములతోపాటు, వారు కట్టిన యిండ్లలో కాపురముండినవారి అనుభవములను గూడ విచారింపవలెనని మా యభిప్రాయము.

స్విట్జర్లాండులో 1887లో జన్మించిన లె కోర్బూసియే 1923లో పారిసునందు నూతన వాస్తుశిల్పమును గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. ఓడలు, విమానములు, మోటారుబండ్లు తమ పనికి తగినట్లు నిర్మింపబడుచుండగా గృహములు మాత్రమేల అట్లుండరాదని యాతని వాదము. మొదటి మహాయుద్ధమునకు పిమ్మట ఫ్రాన్సునందు ఇండ్ల కొరత మిక్కుటముగా నుండెను. కర్మాగారములలో వస్తువులను చేయునట్లు గృహములను గూడ విరివిగా చేసి యీ కొరతను తీర్పవచ్చునని యాతడు తలంచెను.

పారిసు చెంతనున్న ప్వాసీలో సవాయ్ కుటుంబమువారికి ఆతడు కట్టిన గృహము 1931లో పూర్తియయ్యెను. సన్నని కాంక్రీటు స్తంభములు, బారుగా సాగిన కిటికీలు, సమతలమైన కప్పు దాని లక్షణములు. 2016లో అది యునెస్కోవారి ప్రపంచ వారసత్వ పట్టికలో చేరెను. అయినను వానలకు ఆ కప్పు కారుచుండెను. ఇంటి యిల్లాలు శిల్పికి పలుమారులు జాబులు వ్రాసెను.

కప్పు కారినంతమాత్రమున ఆశయము నీచము కాదు; ఆశయము గొప్పదైనంతమాత్రమున కప్పు కారుట మానదు. కావున విద్యార్థులారా, శిల్పి గ్రంథము చదువునపుడు ఆ యిల్లాలి జాబులను మరువకుడు. పొరుగువానికొరకు కట్టువాడు ముందుగా వాని మాట వినుటయు ప్రేమయే.