సంఘమూ, దాని పునాదీ

హాస్టల్ గదిలో ఒక రాత్రి మిత్రుడొకడు నన్నడిగాడు: "మీ చర్చికి కమిటీ ఉందంటావు, ఎలక్షన్లంటావు, చందాలంటావు. మన యూనియన్‌కీ దానికీ తేడా ఏందిరా?" ఆ పూట నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఈ సంచికలో కాస్త చోటు దొరికింది గనుక ఇప్పుడు ప్రయత్నిస్తాను.

నిజానికి వాడి ప్రశ్నలో న్యాయం ఉంది. తెలుగు బైబిలులో 'సంఘము' అని ఉన్నచోట గ్రీకు మూలంలో 'ఎక్లేసియా' అనే మాట ఉంది. అది మొదట మతానికి సంబంధించినదే కాదు. ఏథెన్సు వంటి నగరాల్లో పౌరులను పిలిపించి జరిపే సభకు ఆ పేరు. తొలి క్రైస్తవులు గుళ్ళకు వాడే పేరు వదిలి, ఈ సభ పేరు పెట్టుకున్నారు. రాయీ సున్నమూ వేసి కట్టింది చర్చి బిల్డింగు. సంఘమంటే పిలువబడిన మనుషులు. పుంగనూరులో మా అవ్వకు గ్రీకు రాదు. అయినా ఆమె జ్వరంతో పడుకున్నప్పుడు నలుగురు ప్రార్థనకు వస్తే, "సంఘమొచ్చింది, చాప వెయ్యి" అనేది.

మరి తేడా ఎక్కడ? పిలిచినవారెవరు అన్న దగ్గర. యూనియన్‌లో నాయకుణ్ణి మనం ఎన్నుకుంటాం, నచ్చకపోతే మరుసటి ఏడు దించేస్తాం. సంఘంలో క్రీస్తే మమ్మల్ని పిలిచాడని మా విశ్వాసం. ఆయన తప్ప వేరే పునాది వెయ్యడానికి వీల్లేదని పౌలు కొరింథు వారికి రాసింది ఈ అర్థంలోనే. ఇందులో ఒక చిక్కుంది. నా పక్కన ఎవరు కూర్చోవాలో నిర్ణయించే హక్కు నాకు లేకుండా పోతుంది. కులమనీ, ఆస్తి అనీ, భాష అనీ వంకలు చెప్పకూడదు. చెప్పటం లేదా అంటే, చెబుతూనే ఉన్నాం. ఆ కొరింథులోనే కలిగినవారు ముందుగా తినేస్తే లేనివారు ఆకలితో మిగిలేవారు, పౌలు మండిపడ్డాడు.

మన ప్రాంతం సంగతి చూడండి. అమెరికా రిఫార్మ్డ్ చర్చివారి ఆర్కాటు మిషన్ తరఫున డాక్టర్ జేకబ్ చేంబర్లేన్ 1863లో మదనపల్లెలో పని మొదలుపెట్టాడు. కడపలో లండన్ మిషన్, నంద్యాలలో ఆంగ్లికన్లు. ఎక్కడో సీమల్లో పుట్టిన ఆ తేడాలతో రాయలసీమ రైతుకూలికి ఏం పని? క్షయ రోగం మాత్రం ఏ మిషన్ అని అడగలేదు. అందుకే పలు మిషన్లు చేతులు కలిపి మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో శానటోరియం కట్టాయి. 1915లో అది అక్కడ పని ప్రారంభించింది. డెన్మార్క్ డాక్టర్ ఫ్రిమాట్-మోలర్ దాన్ని నడిపాడు. దాని పేరు యూనియన్ మిషన్ శానటోరియం. మా మిత్రుడు ఈ 'యూనియన్' మాట కూడా గమనించాలి!

ఆ తరువాత 1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, 1908లోనే కలిసిన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారు ఏకమై దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. బిషప్పులున్నవారూ, బిషప్పులొద్దన్నవారూ ఒకటి కావటం చిన్న విషయం కాదు.

పై స్థాయిలో సంతకాలు చేయటం ఒక ఎత్తు, ఊళ్ళో ఒకే పాత్రలో తాగటం ఇంకో ఎత్తు. కుప్పం వైపు, తెలుగూ తమిళమూ కలిసి వినిపించే ఒక చిన్న సంఘంలో నేను చూశాను. కమిటీ ఎన్నికల్లో తగువు పడిన ఇద్దరు పెద్దలు సంస్కారపు ఆదివారం చెరొక మూలన కూర్చున్నారు. అయ్యగారు రొట్టె పట్టుకొని, "మీరిద్దరూ మాట్లాడుకునేదాకా నేనిది విరవను" అని ఊరకుండిపోయారు. పావుగంట గడిచింది. పిల్లలు ఏడ్చారు. చివరికి ముసలాయన లేచి రెండోవాడి దగ్గరకు నడిచాడు. వాళ్ళేమి అనుకున్నారో మాకు వినబడలేదు. ఆ రోజు ఆరాధన ముగిసేసరికి ఒంటి గంట దాటింది.

వచ్చిన ఎన్నికల్లో ఇద్దరూ మళ్ళీ ఎదురెదురుగానే నిలబడ్డారు. సంస్కారానికి మాత్రం ఒకే వరుసలో మోకరించారు.