ఎగువకు పరుగెత్తే నిప్పు

2020 సెప్టెంబరు 5, శనివారం. అమెరికాలో లేబర్ డే సెలవులు. కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా పర్వతాల మధ్య మామత్ పూల్ అనే జలాశయం ఉంది. ఆ సెలవులకు వచ్చిన వందలాది మంది దాని ఒడ్డున గుడారాలు వేసుకున్నారు. వచ్చినా పోయినా అక్కడికి ఒకటే రోడ్డు. ముందురోజు సాయంత్రం దక్షిణాన బిగ్ క్రీక్ అనే చిన్న ఊరి దగ్గర అడవి అంటుకుంది. మ్యాపు మీద గీత గీసి కొలిస్తే ఆ చోటికీ జలాశయానికీ మధ్య పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. నడుమ శాన్ వాకీన్ నది కోసిన లోతైన లోయ కూడా ఉంది. శనివారం మంట ఆ నదిని దాటేసి రోడ్డును మూసేసింది. జనం నీటి అంచుకు చేరి నిలబడ్డారు. ఆ రాత్రి కాలిఫోర్నియా నేషనల్ గార్డ్ వాళ్ల చినూక్, బ్లాక్ హాక్ హెలికాప్టర్లు పొగలోంచి దారి వెతుక్కుంటూ దిగి, 200 మందికి పైగా మనుషులను, వాళ్ల పెంపుడు కుక్కలను కూడా ఎక్కించుకుని ఫ్రెస్నోకు చేర్చాయి.

ఈ కార్చిచ్చుకు క్రీక్ ఫైర్ అని పేరు పెట్టారు. డిసెంబరు 24న పూర్తిగా అదుపులోకి వచ్చిందని ప్రకటించేనాటికి సుమారు 3.8 లక్షల ఎకరాలు కాలిపోయాయి. ఇళ్లూ ఇతర కట్టడాలూ కలిపి 850కి పైగా బూడిదయ్యాయి. ఎలా అంటుకుందన్నది మాత్రం విచారణలో తేలలేదు.

జలాశయానికి తూర్పున, ఇంకా ఎత్తులో, జాన్ మ్యూర్ ట్రెయిల్ వెళ్తుంది. యోసెమిటీ లోయ నుంచి 4,421 మీటర్ల విట్నీ శిఖరం దాకా 340 కిలోమీటర్ల కాలిబాట. సుమారు మూడు వారాల నడక. తిండీ, గుడారమూ, ఎలుగుబంటికి మూత తెరవడం చేతకాని డబ్బా, అన్నీ వీపు మీదే. టియోగా కనుమ దాటి దక్షిణానికి వెళ్తే దాదాపు 200 కిలోమీటర్ల మేర ఈ పర్వతశ్రేణిని అడ్డంగా దాటే రోడ్డే లేదు. ఫోను సిగ్నల్ మాట చెప్పనే అక్కర్లేదు. అలాంటి చోట నడుస్తున్నవాళ్లకు బూడిద రాలడమే వార్త, ఆకాశం రంగు మారడమే హెచ్చరిక. క్రీక్ ఫైర్ రోజుల్లో కొందరిని లేక్ ఎడిసన్ అనే జలాశయం దగ్గరి నుంచి హెలికాప్టర్లలో తరలించారు. మరికొందరు ప్రయాణం మానుకుని తూర్పు వైపున్న కనుమల మీదుగా వాళ్లంతట వాళ్లే దిగిపోయారు. హెలికాప్టర్ల సాహసం ప్రపంచమంతా చూసింది, చూడాల్సిందే. నా మటుకు నాకు ముందే దిగిపోయినవాళ్ల తెలివే ఎక్కువ ఆసక్తికరం. ఏ గుర్తులు చూసి మనిషి వెనక్కి తిరగాలి? మంట కనబడటం ఆ గుర్తుల్లో చివరిది. కొండల్లో అది కనబడే సమయానికి లెక్క తప్పిపోయి ఉంటుంది. ఎందుకలాగో తెలియాలంటే, ముందు కొండకూ నిప్పుకూ ఉన్న సంబంధం చూడాలి.

వెలిగించిన అగ్గిపుల్లను తల కిందికి వంచి పట్టుకోండి. మంట వేళ్ల దాకా ఎంత త్వరగా వస్తుందో తెలిసిందే. ఏటవాలు మీద జరిగేదీ ఇదే. సమతల నేల మీద మంట నిటారుగా లేస్తుంది, దాని వేడిలో ఎక్కువ భాగం ఆకాశం పాలవుతుంది. కొండవాలు మీద మంట నేల వైపు వాలుతుంది. పైనున్న గడ్డిని, పొదలను ఆ వేడిగాలి ముందుగానే తాకుతుంది. వాటిలోని తేమ ఆవిరైపోతుంది, కట్టె నుంచి మండే వాయువులు ఊరడం మొదలవుతుంది. అంటే మంట చేరేలోపే అక్కడంతా అంటుకోవడానికి సిద్ధమై ఉంటుంది. వాలు 10 డిగ్రీలు పెరిగితే మంట వేగం సుమారు రెట్టింపవుతుందని ఆస్ట్రేలియాలో మెకార్థర్ అనే శాస్త్రవేత్త చేసిన అధ్యయనాల నుంచి వచ్చిన లెక్క. 20 డిగ్రీలైతే నాలుగు రెట్లు. అదే వాలు మీద వీపున పదిహేను కిలోల బరువుతో మనిషి వేగం సగానికి పడిపోతుంది. పరుగుపందెం పెట్టుకోవాల్సిన చోటు కాదది.

1949 ఆగస్టు 5న మోంటానా రాష్ట్రంలోని మాన్ గల్చ్ అనే కొండలోయలో ఆ పందెం నిజంగానే జరిగింది. మంట ఆర్పడానికి పారాచూట్లతో దిగిన యువకులు, కింద నుంచి తరుముకొస్తున్న గడ్డిమంటకు ముందు ఎగువకు పరుగెత్తారు. పదమూడు మంది చనిపోయారు. దళనాయకుడు వాగ్నర్ డాడ్జ్ మాత్రం ఆగి, తన ముందున్న గడ్డికి తానే అగ్గిపుల్ల గీసి అంటించాడు. అది కాలిపోగానే ఆ బూడిదలో బోర్లా పడుకున్నాడు. పెద్దమంట వచ్చింది, అక్కడ తినడానికి ఏమీ లేక చుట్టూ తిరిగి వెళ్లిపోయింది. డాడ్జ్ బతికాడు. రమ్మని పిలిచినా మిగతావాళ్లు అర్థం చేసుకోలేకపోయారు. ఎలా అర్థమవుతుంది? మంట నుంచి పారిపోతుంటే నాయకుడు మంట పెడుతున్నాడు! కాలిపోయిన నేలను మించిన ఆశ్రయం లేదన్న సూత్రం ఇవాళ అగ్నిమాపక శిక్షణలో పాఠం.

మన దేశంలో ఇలాంటి విషాదం 2018 మార్చి 11న జరిగింది. తమిళనాడు తేని జిల్లాలో కురంగణి కొండలు ఎక్కి దిగుతున్న ట్రెక్కింగ్ బృందాలను ఎండుగడ్డి మంట చుట్టుముట్టింది. ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాతే తమిళనాడు ప్రభుత్వం ట్రెక్కింగ్‌కు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది.

వాలు తర్వాత చూడాల్సింది గడియారం. కార్చిచ్చుకూ దినచర్య ఉంటుంది. రాత్రిపూట కొండల మీది చల్లగాలి బరువెక్కి లోయలోకి జారుతుంది, దాని మీద వెచ్చని గాలిపొర నిలుస్తుంది. పైకి పోయేకొద్దీ చల్లబడాల్సిన గాలి ఇక్కడ తారుమారవుతుంది. దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. పొగ ఆ పొరను దాటి పైకి పోలేక లోయలోనే పేరుకుంటుంది. తెల్లవారి గుడారంలోంచి బయటికొచ్చిన యాత్రికుడికి కళ్లు మండుతాయి, పది అడుగుల అవతల ఏమీ కనబడదు. భయపడతాడు. కానీ ఆ సమయంలో నిప్పు కాస్త నెమ్మదిగా ఉంటుంది. తాజా గాలి అందదు, చలికి గడ్డీగాదమూ కొంత తేమ పీల్చుకుని ఉంటాయి.

పది, పదకొండు గంటలకు ఎండ నేలను వేడెక్కిస్తుంది. విలోమం విడిపోతుంది, పొగ లేచిపోతుంది, నీలాకాశం కనబడుతుంది. ‘హమ్మయ్య, తేటపడింది’ అని యాత్రికుడు బ్యాగు భుజానికెత్తుకుంటాడు. నిప్పుకు ఊపిరాడేది సరిగ్గా అప్పుడే. లోయగాలి దిశ మార్చుకుని ఎగువకు వీస్తుంది, సన్నపుల్లలు గంట రెండు గంటల్లో ఎండిపోతాయి. మధ్యాహ్నం నుంచి సూర్యాస్తమయం దాకా దాని రాజ్యం. పొగ ఉంటే ప్రమాదం, పోతే క్షేమం అన్న మామూలు లెక్క కొండల్లో తలకిందులయ్యేది ఇందుకే. ఇంకో చిక్కు కూడా ఉంది. రాత్రి వెచ్చని గాలిపొర కొండ నడుమ భాగాన్ని తాకుతుంది కాబట్టి అక్కడి మంట రాత్రయినా నిద్రపోదు. లోయ అడుగున చలి పుట్టింది కదా అని నడికొండ మీదా చల్లబడిందనుకోకూడదు.

క్రీక్ ఫైర్ ఈ దినచర్యను కూడా లెక్కచేయలేదు. బయటి నుంచి పెనుగాలులేవీ తోలకపోయినా అది అంతలా పెరిగింది. గాలిని అదే తయారు చేసుకుంది. విపరీతమైన వేడికి పొగస్తంభం పైకి లేచింది. కట్టె కాలినప్పుడు పుట్టే నీటి ఆవిరి, చుట్టూ గాలిలోని తేమ అందులో కలిశాయి. ఎత్తుకు పోయాక ఆ ఆవిరి చల్లబడి నీటిబిందువులైంది. ఆవిరి నీరైనప్పుడు దాచుకున్న వేడిని విడుదల చేస్తుంది, ఆ వేడితో స్తంభం మరింత పైకి పోతుంది. అలా అది సుమారు 15 కిలోమీటర్ల ఎత్తుకు, విమానాలు తిరిగే ఎత్తును కూడా దాటి పోయింది. మనకు ఉరుముల వాన తెచ్చే క్యుములోనింబస్ మేఘానికి ఇది నిప్పులోంచి పుట్టిన రూపం, పేరు పైరోక్యుములోనింబస్. వాన కురిపించకపోవచ్చు, పిడుగులు మాత్రం వేస్తుంది, కొత్త మంటలు పెడుతుంది. పైకి పోయిన గాలి స్థానంలోకి నేల మీద నాలుగు దిక్కుల నుంచి గాలి దూసుకొస్తుంది. ఆ గాలులు మెలితిరిగితే అగ్ని సుడిగాలులు. క్రీక్ ఫైర్‌లో అలాంటివి రెండు పుట్టాయని అమెరికా జాతీయ వాతావరణ సంస్థ ధ్రువీకరించింది. వాటిలో బలమైనదానికి టోర్నడోల కొలమానంలో ఈఎఫ్-2 స్థాయి ఇచ్చింది. నిప్పురవ్వలు స్తంభంలో లేచి ముందుకు పడితే లోయలు, నదులు అడ్డుకాలేవు. మండే అంచు ఒక చోట ఉంటుంది, కొత్త మంట దానికి కిలోమీటర్ల ముందు పుడుతుంది. గుడారం వేసిన చోటు నుంచి చూసి ‘ఇంకా చాలా దూరంలో ఉంది’ అనుకోవడంలో ఉన్న పొరపాటు ఇదే.

అంత వేడికి సరిపడా కట్టె ఎక్కడిది? 2012 నుంచి 2016 దాకా కాలిఫోర్నియాలో ఘోరమైన కరవు. నీరందక బలహీనపడ్డ పైన్ చెట్లను బెరడు తొలిచే పురుగులు చంపేశాయి. రాష్ట్రంలో 12.9 కోట్ల చెట్లు చనిపోయాయని అటవీశాఖ 2017లో అంచనా వేసింది. దక్షిణ సియెరాకు తగిలిన దెబ్బే పెద్దది. దీనికి వెనక మరో పాత తప్పు ఉంది. ఈ కొండల్లో తరతరాలుగా ఉన్న మోనో తెగవాళ్లు అదను చూసి చిన్న మంటలు పెట్టి అడవి అడుగును శుభ్రంగా ఉంచేవారు. అమెరికా ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఎక్కడ మంట కనబడినా మర్నాడు ఉదయం పది గంటలకల్లా ఆర్పేయాలని 1935లో నియమం పెట్టుకుంది. దాదాపు వందేళ్లు కాలకుండా మిగిలిన పుల్లా పుడకా, ఇరుకుగా పెరిగిన మొక్కలూ, నిలువునా ఎండిన మానులూ ఒకేసారి నిప్పుకు అందాయి. అడవి గురించి మోనో పెద్దలకు తెలిసినదాని విలువను ఇప్పుడు అక్కడి శాస్త్రవేత్తలు కూడా గుర్తిస్తున్నారు. ఆ తెగ పెద్దలతో కలిసి అటవీశాఖ మళ్లీ చిన్న మంటలు పెట్టిస్తోంది.

ఇదంతా తెలిసిన నడకరి ఏం చేస్తాడు? బయల్దేరే ముందే మ్యాపు మీద రెండు బయటి దారులు గుర్తుపెట్టుకుంటాడు. సియెరాలో సుమారు 3,300 మీటర్లు దాటితే చెట్లు పలచబడి గ్రానైట్ రాతినేల వస్తుంది. మంట ఇంకా దూరంలో ఉండగా అక్కడికి ఎక్కి, కనుమ దాటి తూర్పున దిగడం మంచి ఆలోచనే. మంట కింద వాలులో ఉండగా ఎగువకు పరుగెత్తడం మాత్రం చావును పిలుచుకోవడం. ఈ రెండూ ఒకటి కావు. ఎగువకు వెళ్లాలా వద్దా అన్నదానికి జవాబు మంట ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. చిక్కుకుపోయినప్పుడు సన్నని వాగు గండ్లలోకి దిగకూడదు, వేడిగాలి వాటిలోంచే పొగగొట్టంలో లాగా ఎగదన్నుతుంది. రెండు శిఖరాల నడుమ పల్లంలోనూ ఆగకూడదు. మామత్ పూల్ జనాన్ని కాపాడిన చోటు కాలడానికి ఏమీ లేని నీటి ఒడ్డు. ఖాళీ స్థలం ఎంత కావాలన్నదానికి అగ్నిమాపక శాస్త్రంలో ఒక లెక్క ఉంది. సమతల నేల మీద మంట ఎత్తుకు కనీసం నాలుగు రెట్ల దూరం. 30 మీటర్ల మంటకు 120 మీటర్లు. వాలు ఉంటే, గాలి వీస్తే అది కూడా చాలదు. చిన్న చెరువుగట్టు, నాలుగు బండలు ఈ లెక్కకు నిలవవు.

ఒంటి మీద నైలాన్, పాలిస్టర్ ఉంటే కరిగి చర్మానికి అంటుకుంటాయి. నూలు, ఉన్ని నయం. తడిగుడ్డ ముక్కుకు కట్టుకోమని పెద్దలు చెబుతుంటారు గానీ, మంట దగ్గరున్నప్పుడు అడవి అగ్నిమాపకులు పొడిగుడ్డనే వాడమంటారు. పొడిగాలి కంటే తేమగాలి ఎక్కువ వేడిని శ్వాసనాళాల్లోకి తీసుకుపోతుంది. పొగలోని పీఎం 2.5 అనే అతిసన్నని కణాలను గుడ్డ సరిగా ఆపలేదు, దానికి ఎన్95 మాస్కు కావాలి. 3,000 మీటర్ల ఎత్తులో అసలే ఆక్సిజన్ తక్కువ, దానికి కార్బన్ మోనాక్సైడ్ తోడైతే కాళ్ల కంటే ముందు ఆలోచన మందగిస్తుంది. వెనక్కి తిరిగే నిర్ణయం త్వరగా తీసుకోమనడానికి ఇది కూడా ఒక కారణం.

సిగ్నల్ ఉన్నచోట ఫోనులో ఉపగ్రహ చిత్రాలు చూసుకోవచ్చు కదా అంటారు. చూడాలి, కానీ వాటి పరిమితి తెలిసి చూడాలి. నాసా వాళ్ల మోడిస్ పరికరం నేలను కిలోమీటరు గడులుగా, వీర్స్ పరికరం 375 మీటర్ల గడులుగా చూసి వేడి చుక్కలను గుర్తిస్తాయి. ఒక్కో ఉపగ్రహం ఒకే చోటి మీదుగా రోజుకు సుమారు రెండుసార్లే వెళ్తుంది. తెర మీది ఎర్రచుక్క కొన్ని గంటల కిందటిది అయ్యుండొచ్చు. క్రీక్ ఫైర్‌కు కొన్ని గంటలే చాలాయి. ఈ ఉపగ్రహ సమాచారంతోనే హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ మన అడవుల్లోని మంటలను కూడా గమనిస్తున్నాయి.

మన తూర్పు కనుమల అడవులు వేరు. నల్లమలలో, శేషాచలంలో నిప్పు ఎక్కువగా రాలిన ఆకు మీదా ఎండుగడ్డి మీదా పాకుతుంది, చెట్ల తలలకు అరుదుగా అందుకుంటుంది. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. 2014 మార్చిలో తిరుమల దగ్గర శేషాచలం అడవి అంటుకున్నప్పుడు వైమానికదళం హెలికాప్టర్లు నీళ్లు మోసుకురావాల్సి వచ్చింది. కురంగణిలో ప్రాణాలు తీసింది కూడా మహావృక్షాల మంట కాదు, గడ్డిమంట.

2020 సెప్టెంబరు 9న కాలిఫోర్నియాలోని 18 జాతీయ అరణ్యాలనూ మూసేశారు. నెలల ముందు లాటరీలో నడక పర్మిట్ గెలుచుకున్నవాళ్లు కూడా ఇంటికి పోయారు. బే ఏరియాలో ఉండి వేసవిలో యోసెమిటీ వైపు వెళ్లే తెలుగువాళ్లు బయల్దేరే రోజు ఉదయం రేంజర్ కార్యాలయానికి ఒక్క ఫోను చేయండి. మన దగ్గర ఫిబ్రవరి నుంచి మే దాకా కొండలెక్కాలనుకునేవాళ్లు అటవీశాఖ అనుమతి లేకుండా ఎవరి వెంటా వెళ్లకండి. అనుమతి ఇచ్చినవాళ్లనే ఆ వారం మంటలేమైనా ఉన్నాయా అని కూడా అడగండి.