సూర్యుడు ముందొచ్చే ఊళ్లు

ఆంధ్రప్రదేశ్‌లో అందరికంటే ముందు తెల్లారేది ఇచ్ఛాపురం వాళ్లకి. గడియారం అందరికీ ఒకటే గానీ, సూర్యుడికి ఆ సంగతి తెలియదు కదా! మన దేశంలో గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. ఆ గీత మన తుని, కాకినాడ ప్రాంతంలో సముద్రంలోకి దిగిపోతుంది. శ్రీకాకుళం దానికి ఇంకా తూర్పున, దాదాపు 84 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్క వేసుకోండి. ఉగాది రోజుల్లో హైదరాబాదు కంటే శ్రీకాకుళంలో సుమారు ఇరవై రెండు నిమిషాలు ముందు తెల్లారుతుంది. అనంతపురం, ఇచ్ఛాపురం మధ్య ఈ తేడా అరగంటకు కాస్త తక్కువ. ఆరింటికే "బారెడు పొద్దెక్కింది, లెగండర్రా" అని తల్లులు పిల్లల్ని లేపుతున్నారంటే అందులో కొంత ఖగోళశాస్త్రం కూడా ఉంది. సాయంత్రం ఈ అప్పు తీర్చక తప్పదు, చీకటి కూడా ముందే పడుతుంది.

*

శ్రీకాకుళం పక్కనే ఉన్న అరసవల్లి గుడిలో సూర్యనారాయణమూర్తి పాదాల మీద ఏడాదికి రెండుసార్లు ఉదయకిరణాలు పడతాయని అందరికీ తెలుసు. మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో మబ్బు లేకపోతే జనం కిక్కిరిసిపోతారు. ఆ రెండు తేదీలే ఎందుకన్నది మాత్రం తక్కువమంది అడిగే ప్రశ్న. డిసెంబరు 21న సూర్యుడు దక్షిణం వైపు కొస దాకా పోయి వెనక్కి మళ్లుతాడు. ఆ రోజుకి ఎనభై రోజులు అటు లెక్కపెడితే అక్టోబరు మొదటి వారం, దాదాపు అన్నే రోజులు ఇటు లెక్కపెడితే మార్చి రెండో వారం. పోయేటప్పుడు ఏ దిక్కున ఉదయిస్తాడో, వచ్చేటప్పుడూ సరిగ్గా అక్కడే ఉదయిస్తాడు. గుడి ద్వారానికి ఎదురుగా సూర్యుడు రెండుసార్లు వచ్చేది అందుకే. వాస్తు గీసిన స్థపతికి ఈ లెక్క కొట్టిన పిండే అయి ఉండాలి.

*

ఉత్తరాంధ్రలో పొద్దున్నే పొలానికి పోయే మనిషి కడుపులో పడేది చోడి అంబలి. మిగతా తెలుగువాళ్లు రాగులు అనే గింజలే ఇక్కడి చోళ్లు. రాత్రి పిండి కలిపి పులియబెట్టి, పొద్దున్న కాచి, చల్లారాక మజ్జిగ పోసి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగుతారు. 100 గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఇప్పుడు పట్నాల్లో 'రాగి మాల్ట్' పేరిట డబ్బాలకెక్కి మంచి ధర పలుకుతున్నది ఇదే తల్లి.

ఆ చోళ్లకి పెట్టిన పేర్లు చూడండి. విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన స్థానం విడుదల చేసిన రకాల్లో ఒకటి చంపావతి, ఇంకొకటి వేగావతి. రెండూ ఆ జిల్లాలో పారే నదులే. తెల్లటి గింజ కాసే మరో రకం పేరు హిమ. విత్తనానికి ఏటి పేరు పెట్టినవాళ్లెవరో గానీ వాళ్లకి దండం పెట్టాలి. నంబర్లతో పిలిచే విత్తనాలు ఎన్ని లేవు!

*

పనసకాయ గురించి ఒక్క మాటతో సరిపెట్టలేం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల మధ్య పనస కాస్తుంది. సంతలో లేతకాయని మీ కళ్లముందే పొట్టు కొట్టి ఇస్తారు. చేతికీ కత్తికీ నూనె రాసుకుని కొట్టకపోతే జిగురు వదలదు. ఆ పొట్టుని ఉడికించి, వార్చి, చింతపండు రసం, పోపు పెట్టి, చివర్లో ఆవపిండి ముద్ద కలుపుతారు. ఈ 'చివర్లో' అన్నదే కీలకం. కూర పొయ్యి మీదుండగా ఆవ వేశారో, పెళ్లివంటలో అయినా పాడైనట్టే. ఆవగింజల్ని నీళ్లు తగిలేలా నూరినప్పుడు గింజలోని ఎంజైము మరో పదార్థాన్ని విరగ్గొట్టి, ముక్కులోకెక్కే ఆ ఘాటు నూనెని పుట్టిస్తుంది. వేడి తగిలితే ఎంజైము చచ్చిపోతుంది, పుట్టిన ఘాటూ ఆవిరైపోతుంది. దించి, కాస్త చల్లారాక కలపాలని మన పెద్దమ్మలకి ఎవరూ రసాయనశాస్త్రం చెప్పలేదు. నాలుకే చెప్పింది. నన్నడిగితే ఆవపెట్టిన కూర వండిన పూట కంటే మర్నాటి పొద్దున బాగుంటుంది. దీని మీద మా ఇంట్లో ఏకాభిప్రాయం లేదు.

కాయ కూరలోకి పోతే మాను వీణలోకి పోతుంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేసే వీణ పనస కర్రతోనే తయారవుతుంది. కుండ, దండి, మెడ అతుకులు లేకుండా ఒకే దుంగలోంచి చెక్కితే దాన్ని ఏకాండి వీణ అంటారు. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు ఉంది. అలాంటి గుర్తింపే శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి, కంచు సామానుకీ ఉంది. ఇంట్లో తాతలనాటి చెంబు ఉంటే ఓసారి తిరగేసి చూడండి, బుడితిదేమో!

*

పలాస జీడిపప్పు కొనేటప్పుడు ప్యాకెట్ మీద డబ్ల్యూ-180, డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 అని చూసే ఉంటారు. అది ధర కాదు, తయారీ కోడూ కాదు. ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాములకి ఎన్ని పప్పులు తూగుతాయన్న లెక్క. నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధరా పెద్దదే. 320 రకం ఇళ్లల్లో పాయసంలోకి ఎక్కువగా వాడేది. 180 రకం పెళ్లివారికి పెట్టుపోతల్లోకి. పిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. పలాస, కాశీబుగ్గల్లోని వందలాది చిన్న కార్ఖానాల్లో పిక్క కొట్టే ఆడవాళ్ల వేళ్లకి ఆ సంగతి బాగా తెలుసు. జీడిచెట్టు మనది కాదు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసులు బ్రెజిల్ నుంచి తెచ్చారు. అయితేనేం, ఇప్పుడది ఉద్దానం ఆడపడుచే.

అటే ఇంకాస్త పోతే మందస. అక్కడి కోవా గురించి చదవడం కంటే తినడం మేలు.

*

మామిడి తాండ్ర అనగానే విజయనగరం జిల్లాలో వినిపించే ఊరు భీమాలి. వేసవిలో ఊళ్లోకి అడుగుపెడితే ఎక్కడ చూసినా చాపలే. మామిడి గుజ్జులో తీపి కలిపి చాప మీద పల్చగా పూస్తారు. అది ఎండాక మరో పూత, దాని మీద ఇంకో పూత. ఎండ బాగుంటేనే పని సాగుతుంది, మే నెలలో ఒక్క వాన పడిందంటే చాపలు లోపలికి లాక్కోవడానికి ఊరంతా పరుగే. ఎండని తిట్టుకునే నెలలో ఎండ కోసం మొక్కుకునే ఊరు ఇది.

*

చుట్ట వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని పొగతాగడం, దాన్నే అడ్డపొగ అంటారు, ఈ తీరంలో బాగా కనిపించే అలవాటు. బయటివాళ్లు చూస్తే గుండె గుభేల్‌మంటుంది. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోకుండా జాలర్లు మొదలుపెట్టారని చెబుతారు. కానీ ఈ సుఖం మీద ఎక్కువ మక్కువ పెంచుకున్నది పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లు. చేతులు పనిలో ఉంటాయి, నోట్లో చుట్ట దాని మానాన అది కాలుతుంటుంది. డెన్మార్క్ దంతవైద్యుడు పిండ్‌బోర్గ్, మన దేశపు పరిశోధకులు కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి, 1971లో ఒక బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. పదిమందిలో నలుగురికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. నిప్పు సెగకి అంగిలి మీద మచ్చలు, పుళ్లు, చివరికి క్యాన్సర్. అంగిలి క్యాన్సర్ గురించి ప్రపంచంలో ఎవరు రాసినా ఈ జిల్లా పేరు తలవక తప్పదు. ఇది గొప్పగా చెప్పుకునే విశేషం కాదు. మామ్మ గారి చుట్టకట్ట ముచ్చటగా ఉంటుంది గానీ, ఆవిడ నోరు ఒకసారి డాక్టరుకి చూపించండి.

*

పొందూరు ఖద్దరు గురించి గాంధీగారు మెచ్చుకున్నారన్న మాట పాఠాల్లో ఉంటుంది. పాఠాల్లో లేనిది వాలుగ చేప. ఇక్కడి కొండపత్తిని గింజ తియ్యకముందే చేప దవడ ఎముకతో దువ్వుతారు. వాలుగ చేప దవడకి సన్నటి పళ్లు వరసగా ఉంటాయి, మనిషి చేసిన ఏ దువ్వెనకీ అంత నైపుణ్యం లేదని అక్కడి ఆడవాళ్ల నమ్మకం. ఈ పనిని ఏకడం అంటారు. శాకాహారులు కట్టుకునే పంచెలో చేపకి ఇంత పాత్ర ఉందని తెలిస్తే కొందరు ఉలిక్కిపడతారు, ఫరవాలేదు, ఎముక తుడిచే వాడతారు! అలా తీసిన నూలు వంద కౌంటు దాకా సన్నగా వస్తుంది. అక్కినేని నాగేశ్వరరావు ఇష్టపడి కట్టిన పంచెలు పొందూరువే. ఉతికిన కొద్దీ మెత్తబడే బట్ట, మొదటి రోజు నచ్చకపోతే నెల ఆగండి.

*

విజయనగరం సంగీత కళాశాల 1919లో పుట్టింది. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు, ఆయన తర్వాత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు. పాఠం నేర్చుకోవడానికి వచ్చిన ఘంటసాల ఆ ఊరి వీధుల్లో జోలె పట్టి మధూకరం చేసుకుని తిన్నాడు. ఆ రోజుల్లో ఆయనకి పిడికెడు అన్నం పెట్టిన ఇల్లాళ్లలో ఎందరికి తెలుసు, తర్వాత ముప్ఫై ఏళ్లు తమ పిల్లలూ మనవలూ ఆ గొంతు వింటూనే నిద్రలేస్తారని! అదే ఊళ్లో పుట్టి అదే కళాశాలలో చదివిన పి. సుశీల పాడినట్టు రుజువైన పాటలు 17,695. 2016లో గిన్నిస్ వాళ్లు లెక్క తేల్చారు. సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావుది సాలూరు పక్కన శివరామపురం. పొద్దున్నే రేడియో పెట్టే అలవాటున్న తెలుగిల్లు ఏదైనా సరే, ఈ ప్రాంతానికి ఎంతో కొంత బాకీ ఉన్నట్టే.

సంగీతం వద్దంటారా, ఇనుము ఉంది. నెల్లిమర్ల మండలం కొండవెలగాడలో ఆడపిల్లలు చాలామంది పొద్దున్నే లేచి బరువులెత్తడానికి పోతారు. ఆ ఊరి మత్స సంతోషికి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం వచ్చింది, పైనున్న అమ్మాయి డోపింగులో దొరకడంతో అది వెండి అయింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఊరు ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. వీళ్లందరికంటే దాదాపు వందేళ్లు ముందే వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి కండలతో లోకాన్ని చుట్టొచ్చాడు.

*

టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా గూడకొంగలు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చింతచెట్ల మీద కాపురం పెడతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి జూన్‌లో నత్తగుల్ల కొంగలు దిగుతాయి. వాటి రాకని బట్టి వానల్ని అంచనా కట్టే రైతులు అక్కడున్నారు. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపించే పక్షి అది, పొలాల్లో నత్తల్ని తినడానికి ఆ వంకర పనికొస్తుంది. పురిటికి వచ్చిన ఆడపిల్లల్లా చూస్తామంటారు ఊరివాళ్లు, రాయి విసరనివ్వరు. శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లకి ఆకుకూర తినిపించడం చిన్నపిల్లలకి పండగ. మర్చిపోకండి, ఆ గుడిలో దేవుడు పడమటికి తిరిగి ఉంటాడు.

*

శ్రీకాకుళం పట్నానికి రైలు స్టేషను లేదు. టికెట్టు మీద 'శ్రీకాకుళం రోడ్' అని ఉంటుంది, దిగేది ఆమదాలవలసలో. అక్కడి నుంచి బస్సో ఆటోనో. కొత్త అల్లుళ్లు ప్రతి ఏడూ కొందరు దీనికి బలవుతూనే ఉంటారు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన బుల్లి రైలు 1931కి గుణుపురం దాకా వెళ్లింది. నడుస్తున్న బండి దిగి, పక్కన చెట్టు కాయ కోసుకుని మళ్లీ ఎక్కేవాళ్లమని పాతవాళ్లు కోతలు కోస్తారు. 2004లో ఆగి, 2011లో పెద్ద పట్టాల మీద మళ్లీ మొదలైంది, ఇప్పుడు దిగి కాయ కొయ్యడం కుదరదు.

సాలూరు కొండల మీద కొఠియా గ్రామాలది ఇంకో చిత్రం. ఆంధ్రా, ఒడిశా రెండూ మావే అంటాయి. దాంతో అక్కడ చాలామందికి రెండు రాష్ట్రాల రేషను కార్డులూ ఉన్నాయి. బియ్యం రెండు చోట్ల తెచ్చుకోవడం అక్కడ నెలవారీ పని.

*

చందమామ అట్టమీద బొమ్మ చూసుకుంటూ అన్నం తినడం మర్చిపోయిన తరం ఒకటుంది. ఆ బొమ్మల కింద 'వపా' అని సంతకం చేసిన వడ్డాది పాపయ్య 1921లో శ్రీకాకుళంలో పుట్టాడు. ఆ చందమామలూ, యువలూ, ఆంధ్రపత్రిక వారపత్రికలూ అటకల మీద చెదలు పట్టిపోతుంటే చూడలేక, కథకుడు కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన పురస్కారాల డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరి 22న అదే పట్నంలో కథానిలయం అనే గ్రంథాలయం తెరిచారు. తెలుగు కథ అచ్చయిన ప్రతి కాగితమూ ఒక్కచోట ఉండాలన్నది ఆయన పట్టుదల. మాస్టారు 2021 జూన్‌లో వెళ్లిపోయారు, కథానిలయం నడుస్తూనే ఉంది. మీ ఇంట్లో పాత వార, మాస పత్రికలుంటే తూకానికి వెయ్యకండి, కథానిలయానికి ఒక ఉత్తరం రాయండి.