ముహూర్తం వేళ మసకబారని బొమ్మ

పెళ్లిలో ముహూర్తానికి రెండో టేకు లేదు. సినిమా షూటింగులో బొమ్మ మసకగా వస్తే డైరెక్టరు మళ్లీ తీయిస్తాడు. పెళ్లిపీటల దగ్గర ఆ వీలెక్కడిది? పురోహితుడు సైగ చేయగానే గట్టిమేళం మోగుతుంది. జీలకర్ర బెల్లం తలల మీదికి వెళుతుంది. అడ్డుతెర దిగుతుంది. అంతా కలిపి నిమిషం పట్టదు. ఆ నిమిషంలో కెమెరా ఏ మామిడి తోరణం మీదో చూపు నిలిపి పెళ్లికూతురి మొహాన్ని మంచులో వదిలేసిందంటే, ఆ ఇంటివారికి జన్మంతా మిగిలేది ఆ మసకబొమ్మే.

పెళ్లయిన నెలకు దుకాణానికి వచ్చి "ఏమయ్యా, మా అమ్మాయి మొహం ఏదీ?" అని పెద్దమనిషి అడిగితే వీడియో కుర్రాడి దగ్గర జవాబుండదు. మిగతా డబ్బు అక్కడే ఆగిపోతుంది. పక్క ఊరి బేరం కూడా పోతుంది. చిత్రమేమిటంటే ఆ కుర్రాడు కెమెరాను గురి తప్పించలేదు, చెయ్యి వణికించలేదు. 'ఆటో' అన్న మాటను నమ్మాడు, అంతే.

ఆ ఆటో ఫోకస్ సంగతి కొంచెం తెలుసుకోవాలి. పెళ్లిళ్లకు చాలాకాలం వాడిన వీడియో కెమెరాలకు పెళ్లికూతురెవరో, అరటిగెల ఏదో తెలియదు. బొమ్మలో నలుపు తెలుపుల తేడా, గీతల పదును ఎక్కడ బాగా కనిపిస్తే అక్కడ ఆగటమే వాటి పని. పదును దొరకకపోతే లెన్సు ముందుకీ వెనక్కీ తచ్చాడుతుంది. పెళ్లిపందిరిలో పదును ఎక్కడ దొరుకుతుంది? హోమం పొగ ఒక పక్క, సాదా గుడ్డతో అడ్డుతెర ఒక పక్క, మొహం మీద వేలాడే పూలసరాలు మరో పక్క. కెమెరా బెదిరిపోయిన దూడలాగా అటూ ఇటూ పరుగెడుతుంది. బొమ్మ ఒకసారి తేటపడి, మళ్లీ అలుక్కుపోయి, మళ్లీ తేటపడుతుంది. అప్పటికి తలంబ్రాలు కూడా మొదలవుతాయి.

రింగు తిప్పినా తంటాయే

చేత్తో తిప్పుకోవచ్చు కదా అంటారు అనుభవజ్ఞులు. సినిమా వాళ్లు చేసేది అదే. వారి లెన్సు మీద దూరాలు అంకెలతో చెక్కి వుంటాయి. కెమెరా నుంచి నటుడి దాకా టేపుతో కొలుస్తారు. రింగు మీద గుర్తులు పెట్టుకుంటారు. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు రింగును మెల్లగా తిప్పటానికి ప్రత్యేకంగా ఒక మనిషే వుంటాడు.

మన పెళ్లిళ్లకు వచ్చిన వీడియో కెమెరాల్లో చాలావాటికి ఆ సౌకర్యం లేదు. రింగు బొంగరంలా ఎంత తిప్పితే అంత తిరుగుతూనే వుంటుంది. దానికి మొదలూ లేదు, చివరా లేదు. లోపల మోటారుకు సంకేతం పంపటం వరకే దాని పని. కనుక దాని మీద సుద్దతో గీత గీసినా వృథాయే. పైగా అటు జనం తోపులాట, ఇటు చిన్న తెర. ఈ రెండింటి మధ్య సరైన చోటు దాటిపోయి మళ్లీ వెనక్కి తిప్పుకోవటం మామూలే. ఆ తిప్పులాట అంతా బొమ్మలో కనబడుతుంది.

ముందే గుర్తుపెట్టే బటన్లు

ఈ చిక్కుకు కంపెనీలే ఒక ఉపాయం చేశాయి. సోనీ కంపెనీ 2004లో విడుదల చేసిన హెచ్‌డీఆర్-ఎఫ్ఎక్స్1 అనే టేపు కెమెరాలో 'షాట్ ట్రాన్సిషన్' అనే ఏర్పాటు వుంది. దానికి ఎ, బి అని రెండు బటన్లు. మొదట ఫోకస్ ఎక్కడుండాలో చూసుకుని ఎ లో దాచుకోవాలి. తర్వాత ఎక్కడికి పోవాలో చూసుకుని బి లో దాచుకోవాలి. సరిగా వచ్చిందో లేదో ఒకసారి పరీక్షించుకోవచ్చు. అసలు సమయానికి ఎ నొక్కి రికార్డింగు మొదలుపెట్టి, అదను చూసి బి నొక్కితే చాలు. మోటారే ఇక్కడి నుంచి అక్కడికి తీసుకుపోయి, దాటిపోకుండా ఆపుతుంది. ఎన్ని సెకన్లలో పోవాలో మనమే పెట్టుకోవచ్చు. మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంతో పోవాలా, చివర్లో నెమ్మదించాలా, మొదలూ చివరా రెండుచోట్లా నెమ్మదిగా వుండాలా అన్నది కూడా మన ఇష్టమే. కంటికి ఇంపుగా వుండేది ఆఖరు పద్ధతే. స్టేషనులోకి వచ్చే రైలు కూడా అలాగే ఆగుతుంది కదా.

అయితే ఈ బటన్లు ఫోకస్ ఒక్కటే దాచవు. జూమ్‌నూ, వెలుతురునూ, రంగునూ కూడా దాస్తాయి. అందుకని ఎ కీ బి కీ జూమ్ ఒకేచోట వుంచాలి. పెళ్లి సమయానికి వేసే లైటును దాచుకునేటప్పుడే వేయించాలి. లైటు లేకుండా దాచుకుని, తర్వాత లైటు వేయిస్తే పెళ్లికూతురు సున్నం కొట్టిన గోడలా తేలుతుంది.

మరో ముఖ్యమైన సంగతి జూమ్. లెన్సును బాగా వెడల్పుగా పెడితే ఈ చిన్న కెమెరాల్లో దగ్గరివీ దూరంవీ అన్నీ తేటగానే వుంటాయి. అప్పుడు ఎ నొక్కినా బి నొక్కినా తేడా కనిపించదు. "బటన్లు పనిచేయటం లేదు" అని కెమెరాను తిట్టుకునేవారు గమనించవలసింది ఇదే. కెమెరాను పది పన్నెండడుగులు వెనక్కి జరిపి, జూమ్‌ను బాగా లోపలికి లాగాలి. అప్పుడు తేటగా వుండే మేర జానెడు కూడా వుండదు. ఆ జానెడు మేరను తెర మీద నుంచి మొహం మీదికి జరపటమే ఈ విద్య అంతా.

లైటు కుర్రాడే పెళ్లికూతురు

మరి ముహూర్తానికి ముందు పెళ్లికూతురు పీటల మీద వుండదు గదా, దూరం ఎలా చూసుకోవాలి? దానికి లైటు పట్టే కుర్రాడున్నాడు. పందిట్లో జనం చేరకముందే అతన్ని పెళ్లికూతురి పీట మీద కూర్చోబెట్టాలి. తువ్వాలు ఒకటి ఇద్దరు పిల్లల చేత అడ్డుతెర వుండేచోట పట్టించాలి. పెళ్లికొడుకు భుజం వెనక వైపు స్టాండు వేసి, తువ్వాలు మీద ఎ, లైటు కుర్రాడి ముక్కు మీద బి దాచుకోవాలి. చూసినవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వాలి. ఆ తర్వాత స్టాండును, పీటలను ఎవరూ జరపకుండా కాపలా కాయాలి. పీట ఒక అడుగు జరిగినా దాచుకున్నది దండగ. కెమెరా గుర్తుపెట్టుకునేది దూరాన్నే గాని మనిషిని కాదు.

బటన్ నొక్కవలసిన అదను కంటికన్నా చెవికి ముందు తెలుస్తుంది. తెర దిగటం కనిపించాక నొక్కితే ఆలస్యమే. గట్టిమేళం ఎత్తుకోగానే వేలు సిద్ధం కావాలి. తెరను పట్టుకున్నవారి చేతులు సడలగానే నొక్కాలి. ఇక్కడ వ్యవధి వీలైనంత తక్కువ పెట్టుకోవాలి.

మాంగల్యధారణకు మాత్రం తొందర పనికిరాదు. కొబ్బరిబోండం మీద సూత్రాలు పళ్లెంలో పెద్దలందరి దగ్గరికీ తిరిగి వస్తాయి. పెళ్లికొడుకు వాటిని చేతిలోకి తీసుకుని ఎత్తి చూపుతాడు. ముందు సూత్రాలు తేటగా వుండి, వెనకవున్న అమ్మ మొహం మసకలో వుంటుంది. నాలుగు సెకన్లలో చూపు మెల్లగా అమ్మ కళ్ల మీదికి జరిగితే, చూసే ఇంటిల్లిపాది గొంతులో ఏదో అడ్డుపడుతుంది. అదే నాలుగు సెకన్లలో మేనమామ తల అడ్డం వస్తే ఏ బటనూ ఆదుకోదు.

టేపుల కాలం పోయింది. ఆ సోనీ కెమెరా కూడా ఇప్పుడు తయారు కావటం లేదు. ఉపాయం మాత్రం పోలేదు. పానసోనిక్ కంపెనీ 2017లో తెచ్చిన జీహెచ్5 కెమెరాలో 'ఫోకస్ ట్రాన్సిషన్' పేరుతో మూడు చోట్లు దాచుకునే వీలు కల్పించారు. నేటి కెమెరాలు మొహాన్నీ, కళ్లనూ కూడా పసిగట్టి వెంటబడుతున్నాయి. అందువల్ల చాలా మేలు జరిగిన మాట నిజం. అయితే పీటల దగ్గర మొహాలు డజను వుంటాయి. మంత్రాలు చదివే పురోహితుడి మొహమే ముందుకు, వెలుతురుకు వుంటుంది. కెమెరా అటే మొగ్గితే తప్పెవరిది?

ఇక పెళ్లివారు చేయవలసిన సాయం ఒకటి వుంది. ముహూర్తానికి ముందు పావుగంట పందిరిని వీడియో కుర్రాడికి విడిచిపెట్టాలి. పీటలు ఎక్కడ వేస్తారో, అడ్డుతెర ఎవరు పట్టుకుంటారో ముందే చెప్పాలి. పెళ్లికొడుకు వెనక స్టాండుకు మూడడుగుల చోటు వదలాలి. సెల్‌ఫోన్లు ఎత్తిపట్టుకుని ఆ చోట్లోకి దూరే బావమరదులను ఇంటి పెద్దలే ఆపాలి, ఎందుకంటే వీడియో కుర్రాడు చెబితే వాళ్లు వినరు.