సముద్రపు చేపల ట్యాంక్: ఏ చేప పక్కన ఏ చేప ఉండొచ్చు?



ఈరోజు ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల వచ్చింది. చిత్తూరు నుంచి ఒక తమ్ముడు పెట్టినాడు. "అన్నా, రెండడుగుల ట్యాంక్ ఉండాది. సాల్ట్ వాటర్ పెడదామనుకుంటాండా. ఆదివారం చెన్నై పోయి చేపలు తెస్తా. లిస్ట్ చూసి చెప్పన్నా" అని. లిస్ట్ ఏమంటే: క్లౌన్‌ఫిష్ నాలుగు, డామ్సెల్ మూడు, బ్లూ టాంగ్ ఒకటి, లయన్‌ఫిష్ ఒకటి, సీ హార్స్ ఒక జత. బ్లూ టాంగ్ వాళ్ళ చెల్లెలి కోసమంట, డోరీ కావాలని ఒకటే పట్టు పట్టిందంట.

నేను ఇచ్చిన రిప్లై ఒకే లైన్: "తమ్ముడూ, ఆదివారం టికెట్ క్యాన్సిల్ చేసుకో." ఎందుకన్నానో ఇప్పుడు వివరంగా చెప్తా. మీలో చాలామందికి ఇలాంటి లిస్టే ఫోన్‌లో సేవ్ అయి ఉంటాది, నాకు తెలుసు.

ముందు ఒక్క విషయం. గప్పీలు, మోలీలు, గోల్డ్‌ఫిష్‌లు చాలావరకు ఫారమ్‌లలో పెంచినవే. చెన్నైలో కొళత్తూరు మార్కెట్‌కి పోయినోళ్ళకు ఆ వ్యాపారం ఎంత పెద్దదో తెలుస్తాది. సముద్రపు చేపల కథ వేరే. క్లౌన్‌ఫిష్ లాంటి కొన్నింటిని తప్పిస్తే, షాపులో కనపడే రంగు చేపల్లో ఎక్కువ భాగం పగడపు దిబ్బల దగ్గర వలేసి పట్టినవే. అంటే మీ ట్యాంక్‌లో అది చచ్చిపోతే సముద్రంలో ఒక చేప తగ్గినట్టే. డబ్బు పోవడం సరే సరి. అందుకే కొనేముందే లెక్క చూసుకోవాల.

ఒక రూమ్, ఆరుగురు బ్యాచిలర్లు

సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఒక మాటలో చెప్పొచ్చు: ఇది డిపెండెన్సీ కాన్‌ఫ్లిక్ట్. ఒక్కో ప్యాకేజీ విడిగా బాగానే రన్ అవుతాది, కలిపి ఇన్‌స్టాల్ చేస్తే ఎర్రర్. సాఫ్ట్‌వేర్‌తో పని లేనోళ్ళకు ఇంకో మాట: రూమ్ షేరింగ్. మంచోళ్ళే ఆరుగురు, కానీ ఒకే రూమ్, ఒకటే బాత్రూమ్, అందులో ఇద్దరికి ముక్కు మీద కోపం. రెండో నెలకు ఏమైతాదో మీకు తెలుసు. రూమ్ నచ్చకపోతే మనిషి బయటికి పోతాడు. చేప ఎక్కడికి పోతాది?

అందుకే చేపను చేపగా చూడకుండా, నాలుగు ప్రశ్నలు వేసి చూడండి.

ఒకటి: దాని నోరెంత?

ఇది మొదటి రూల్, దీనికి మినహాయింపు లేదు. నోట్లో పట్టేదేదైనా ఆహారమే. లయన్‌ఫిష్ చూడటానికి రాజు మాదిరి ఉంటాది, నిదానంగా కదులుతాది, ఎవరితోనూ గొడవ పడదు. కానీ నోరు తెరిస్తే చిన్న చేప అమాంతం లోపలికి పోతాది. తమ్ముడి లిస్ట్‌లో క్లౌన్‌ఫిష్‌లు, డామ్సెల్‌లు దానికి టిఫిను కిందే లెక్క. పైగా దాని ముళ్ళలో విషం ఉంటాది. ట్యాంక్ కడుగుతూ చెయ్యి తగిలితే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఇంకొకసారి ఆలోచించండి.

రెండు: పెద్దదయ్యాక ఎంత?

షాపులో బ్లూ టాంగ్ మూడు అంగుళాలు ఉంటాది. ముద్దుగా ఉంటాది. పూర్తిగా ఎదిగితే 30 సెంటీమీటర్లు, అంటే ఒక అడుగు! తమ్ముడి ట్యాంక్ పొడవు రెండడుగులు, వెడల్పు ఒక అడుగు, ఎత్తు ఒక అడుగు. లెక్కేస్తే దాదాపు 56 లీటర్లు. అడుగు చేప అడుగు వెడల్పు ట్యాంక్‌లో వెనక్కి తిరగడానికి కూడా చోటుండదు. పైగా టాంగ్‌లు రోజంతా ఈదుతూ, రాళ్ళమీది నాచు గీక్కుంటూ తిరిగే జాతి. వందల లీటర్లు, ఆరడుగుల పొడవు ఉండే ట్యాంక్ వాటి స్థాయి. 'ఫైండింగ్ నీమో' 2003లో వచ్చింది, 'ఫైండింగ్ డోరీ' 2016లో. సినిమాల్లో వాళ్ళిద్దరూ పక్కపక్కనే ఈదినారు, నిజమే. కానీ వాళ్ళు ఈదింది సముద్రంలో!

మూడు: దాని ఏరియా ఏది?

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు అంటారు కదా, పగడపు దిబ్బల చేపలకు ఈ మాట సరిగ్గా సరిపోతాది. దిబ్బ దగ్గర చోటు తక్కువ, జనాభా ఎక్కువ. అందుకే చాలా చేపలు ఒక సందు, ఒక రాయి పట్టుకుని "ఇది నాది" అంటాయి. గొడవ ఎక్కువ ఎవరితో? ఒకే ఆకారం, ఒకే రంగు, ఒకే తిండి ఉండే చేపతో. ఎందుకంటే అదే దానికి అసలు పోటీ. ఒకే రకం చేపలు రెండు పెడితే స్నేహంగా ఉంటాయిలే అనుకుంటాం. చాలాసార్లు రివర్స్‌లో అయితాది.

డామ్సెల్ దీనికి మంచి ఉదాహరణ. రేటు తక్కువ, రంగు ఎక్కువ, గట్టి ప్రాణం. కొత్తోళ్ళకు షాపుల్లో మొదట ఇదే చూపిస్తారు. అగ్గిపెట్టెంత ఉండి, తనకన్నా మూడింతలున్న చేపను మూలకు తరుముతాది. చిన్న ట్యాంక్‌లో మూడు డామ్సెల్‌లు పెడితే కొన్నాళ్ళకు ఒకటే మిగలడం కొత్తేమీ కాదు.

క్లౌన్‌ఫిష్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటాది. అవి పుట్టినప్పుడు అన్నీ మగవే. గుంపులో అన్నిటికన్నా పెద్దది, పెత్తనం చేసేది ఆడదిగా మారుతాది. దాని తర్వాతది దాని జోడీ. ఆడది చచ్చిపోతే ఆ మగది ఆడదిగా మారిపోతాది. అంటే సైన్స్ ప్రకారం చూస్తే నీమో వాళ్ళ నాన్న అమ్మ అయిపోవాల! సరే, మనకు పనికొచ్చే పాయింట్ ఏమంటే: నాలుగు పెడితే రెండు జోడీ కట్టి, మిగతా రెండింటిని వేపుకు తింటాయి. అందుకే రెండే కొనండి, ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది. చిన్నది తలొగ్గుతాది, పెద్దది ఆడదవుతాది. రెండూ బాగా పెద్దవి కొంటే రెండూ ఆడవై ఉండొచ్చు, అప్పుడు యుద్ధమే.

నాలుగు: ఏం తింటాది?

బటర్‌ఫ్లై చేపల్లో చాలా రకాలు బతికున్న పగడాలను తింటాయి. మాండరిన్ చేప కంటికి కనపడీ కనపడని చిన్న పురుగులను రోజంతా ఏరుకుని తింటాది. కొత్త ట్యాంక్‌లో అవి ఉండవు కాబట్టి ఆకలికి చిక్కిపోతాది. సీ హార్స్ నిదానంగా తినే జీవి, పక్కన చురుకైన చేపలుంటే దానికి మెతుకు కూడా దక్కదు.

అసలు సీ హార్స్ విషయంలో తిండి దాకా పోనక్కర్లేదు. మన దేశంలో అది రక్షిత జీవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలోకి 2001లో సీ హార్స్‌లను, పగడాలను, సీ కుకుంబర్‌లను చేర్చినారు. "లోపలుండాది బ్రో, ఎవరికీ చెప్పద్దు" అని ఎవరన్నా చూపిస్తే బయటికి వచ్చేయండి. కేసు అయితే మాటలతో పోదు. ట్యాంక్‌లో రాళ్ళ కోసం కూడా పగడపు ముక్కలు కొనొద్దు, సిరామిక్ రాళ్ళు దొరుకుతాయి, పని అయిపోతాది.

ఐదో ప్రశ్న మన ఊరిది: మే నెలలో ఏం చేస్తావు?

యూట్యూబ్‌లో చలి దేశాల వాళ్ళ వీడియోలు చూస్తే హీటర్ కొనమంటారు. తిరుపతిలో మే నెలలో హీటర్‌తో మనకేం పని? బయట 40 డిగ్రీలు దాటుతాది, ఇంట్లో మిద్దె కాగిపోతాంటాది. ఈ చేపలకు కావాల్సింది 24 నుంచి 27 డిగ్రీల నీళ్ళు. నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతాది. అసలే ఉప్పు నీళ్ళలో మంచినీళ్ళకన్నా దాదాపు ఐదో వంతు ఆక్సిజన్ తక్కువ. ఊపిరాడకపోతే చేపకు చిరాకు, చిరాకుకు గొడవలు. జనవరిలో సర్దుకుపోయిన జోడీ మేలో కొట్టుకోవడానికి ఇది ఒక కారణం.

ఫ్యాన్ గాలి నీళ్ళ మీదికి కొడితే కొన్ని డిగ్రీలు తగ్గుతాది, కానీ నీళ్ళు ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. కాబట్టి తగ్గిన మేరకు మంచి ఆర్‌ఓ నీళ్ళే పోయాల. ఉప్పు నీళ్ళు పోస్తే రోజురోజుకూ ఉప్పు పెరిగిపోతాది. గట్టి పరిష్కారం చిల్లర్. దాని ఖర్చు, కరెంట్ బిల్లు ముందే లెక్కలో వేసుకోండి. కరెంట్ పోయినప్పుడు నడవడానికి బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి తప్పకుండా పెట్టుకోండి. ఈ ఖర్చు కుదరకపోతే మంచినీళ్ళ ట్యాంకే పెట్టుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇంకో డౌట్ కూడా చాలామందికి ఉంటాది. "సూళ్ళూరుపేట దాటితే సముద్రమే కదా, క్యాన్లతో నీళ్ళు తెచ్చుకోవచ్చా?" అని. వద్దు. ఒడ్డు దగ్గర నీళ్ళలో చెత్త, డీజిల్, రోగాలు ఏముంటాయో తెలీదు. పులికాట్ సరస్సు నీళ్ళయితే నది నీళ్ళూ సముద్రపు నీళ్ళూ కలిసినవి, ఉప్పు కాలాన్ని బట్టి మారిపోతాంటాది. మెరైన్ సాల్ట్ కొని లీటరుకు 35 గ్రాముల లెక్కన ఆర్‌ఓ నీళ్ళలో కలపండి. వంటింటి ఉప్పు కాదు, అందులో కాల్షియం, మెగ్నీషియం లాంటివి కావాల్సినంత ఉండవు.

మరి లిస్ట్ ఏది అన్నా?

తమ్ముడికి నేను పంపిన లిస్ట్ ఇది. ట్యాంక్ మూడడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు. దాదాపు 190 లీటర్లు. దానికి ఉప్పే ఆరున్నర కిలోలు దాటుతాది. రాళ్ళు, అద్దం కలిపితే బరువు రెండు వందల కిలోలు దాటుతాది కాబట్టి, స్టాండ్ గట్టిది చూసుకోండి. అద్దె ఇల్లయితే ఓనర్‌కు ఒక మాట చెప్పండి.

అందులో క్లౌన్‌ఫిష్ రెండు, ఫైర్‌ఫిష్ ఒకటి, పైజామా కార్డినల్ మూడు, వాచ్‌మన్ గోబీ ఒకటి. మొత్తం ఏడు, అంతే.

ఎందుకు ఇవే? గోబీ అడుగున ఇసుకలో ఉంటాది. కార్డినల్‌లు మధ్యలో నిలబడతాయి. ఫైర్‌ఫిష్ రాళ్ళ పైన తేలుతూ, భయమేస్తే సందులోకి దూరతాది. క్లౌన్‌ఫిష్‌లు ఒక మూల పట్టుకుంటాయి. ఎవరి ఏరియా వాళ్ళది. అన్నీ చిన్నవే, ఒకరి నోట్లో ఇంకొకరు పట్టరు. అన్నీ గింజల మేతకో, ఫ్రోజెన్ రొయ్య పిల్లలకో అలవాటు పడతాయి. ఒక జాగ్రత్త: ఫైర్‌ఫిష్ ఎగిరి దూకుతాది, పైన జాలీ మూత కంపల్సరీ. క్లౌన్‌ఫిష్‌కు అనిమోన్ ఉండాల్నా? అక్కర్లేదు, అది లేకుండా కూడా హాయిగా బతుకుతాది.

దించే వరుస

ట్యాంక్ నింపిన రోజే చేపలు వేయొద్దు. చేపల వ్యర్థం నుంచి అమ్మోనియా వస్తాది, అది విషం. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాది. ఈ బ్యాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడతాది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించినాకే మొదటి చేప.

ఆ తర్వాత భయస్థులు ముందు, రౌడీలు చివర. ముందు ఫైర్‌ఫిష్, తర్వాత కార్డినల్‌లు, గోబీ, చిట్టచివర క్లౌన్‌ఫిష్‌లు. ముందొచ్చినోడు ఏరియా మొత్తం నాదే అంటాడు కదా, అందుకే. మధ్యలో రెండు మూడు వారాల గ్యాప్ ఇవ్వండి. ఎవరైనా పెత్తనం మొదలుపెడితే రాళ్ళు అటూ ఇటూ మార్చండి. పాత సరిహద్దులు చెరిగిపోతాయి, అందరూ మళ్ళీ కొత్తగా మొదలుపెడతారు.

కుదిరితే కొత్త చేపను నెల రోజులు విడిగా చిన్న ట్యాంక్‌లో ఉంచండి. మనం కోడ్‌ను నేరుగా ప్రొడక్షన్‌లోకి తోయం కదా, స్టేజింగ్‌లో చూస్తాం. ఇదీ అంతే. తెల్ల మచ్చల జబ్బు ఒక చేపతో వస్తే ట్యాంక్ మొత్తం పాకుతాది.

షాపులో కౌంటర్ దగ్గర నాలుగు మాటలు అడగండి. ఇది వచ్చి ఎన్నాళ్ళయింది? నా ముందు మేత వేసి చూపిస్తారా? పూర్తిగా ఎదిగితే ఎంతవుతాది? హ్యాచరీదా, సముద్రంలో పట్టిందా? క్లౌన్‌ఫిష్ మాత్రం హ్యాచరీదే అడగండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ, అంటే సీఎంఎఫ్ఆర్ఐ, వీటిని హ్యాచరీలో పెంచే పద్ధతులు ఎప్పుడో తయారు చేసింది. ట్యాంక్‌లో పుట్టిన చేపకు ట్యాంక్ జీవితం కొత్త కాదు, మేత కూడా తొందరగా పడతాది. నా ముందు మేత తినని చేపను, ఎంత అందంగా ఉన్నా సరే, నేనైతే కొనను.

తమ్ముడు చివరగా అడిగినాడు: "చెల్లికేం చెప్పాలన్నా?" ఒక టేపు తీసుకుని డోరీ సైజు, అడుగు పొడవు, గోడమీద గీసి చూపించమన్నా. పక్కనే వాళ్ళ ట్యాంక్ వెడల్పు కూడా గీయమన్నా. ఆ పాపకు వివరంగా చెప్పాల్సిన పనే ఉండదు.

వచ్చే ఎపిసోడ్‌లో టెస్ట్ కిట్ రీడింగ్‌లు ఎలా చూడాలో చెప్తా. ఉంటా మరి!