ముందు ఫోన్, ఆ తర్వాతే పేమెంట్

హొసకోటె పిళ్లగుంప ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న విడిభాగాల యూనిట్‌కి లెక్కలు చూస్తాను. ఇంట్లో తెలుగు, షెడ్డులో కన్నడ, మెయిల్లో ఇంగ్లిష్. ఇక్కడ మాలాంటి వాళ్ల పని ఇలాగే సాగుతుంది. పార్టీల ఇన్వాయిస్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, టాక్స్ నోటీసులు అన్నీ మెయిల్లోనే వస్తాయి. మా అంత చిన్న యూనిట్‌లో ఒక్క దొంగ మెయిల్ని నమ్మితే చాలు, ఆ నెల జీతాలు ఆగిపోతాయి.

మెయిల్ మోసం అనగానే చాలామందికి లాటరీ తగిలిందని వచ్చే ఉత్తరాలు గుర్తొస్తాయి. వాటిని ఇప్పుడు నమ్మేవాళ్లు తక్కువ. మన పని తెలుసుకుని పంపే మెయిల్ అంటేనే నాకు భయం. మాకూ అలాంటిది ఒకటి వచ్చింది. ఎన్నో ఏళ్లుగా మాకు సరుకు వేసే పార్టీ పేరు, వాళ్ల లెటర్‌హెడ్, ఇన్వాయిస్ నంబరు, ఇవ్వాల్సిన మొత్తం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ‘పాత ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈ రోజే కొత్త ఖాతాకి ఆర్టీజీఎస్ చేయండి’ అన్న మాటే కొత్తది. మెయిల్లో ఇచ్చిన నంబరుకి కాకుండా, మా రిజిస్టర్‌లో ఉన్న పాత నంబరుకి ఫోన్ చేశాను. ‘లేదండీ, మేం ఖాతా ఏమీ మార్చలేదు’ అన్నారు. అప్పుడు అడ్రస్ని అక్షరం అక్షరం చదివితే తెలిసింది. ఇంగ్లిష్ ‘ఎమ్’ ఉండాల్సిన చోట ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన ఉన్నాయి. చిన్న తెరమీద ఆ తేడా కంటికి ఆనదు.

ఇన్వాయిస్ నంబరు దొంగకెలా తెలిసింది? ఇలాంటి మోసాల్లో సాధారణంగా ఇద్దరిలో ఒకరి మెయిల్ పాస్‌వర్డ్ ముందే పోయి ఉంటుంది. దొంగ తొందరపడడు. మెయిళ్లు చదువుతూ, పేమెంట్ తేదీ దగ్గరపడే దాకా కాచుకుని ఉంటాడు.

ఇలాంటి మోసానికి పెద్ద కంపెనీలూ బలయ్యాయి. లిథువేనియాకి చెందిన ఎవాల్దాస్ రిమసౌస్కస్ 2013, 2015 మధ్య తైవాన్ కంపెనీ క్వాంటా కంప్యూటర్ పేరుతో దొంగ ఇన్వాయిస్‌లు పంపించి, గూగుల్, ఫేస్‌బుక్‌ల నుంచి 10 కోట్ల డాలర్లకు పైగా కాజేశాడు. 2019లో అమెరికా కోర్టు అతనికి 5 ఏళ్ల జైలుశిక్ష వేసింది.

ఇంత తేలిగ్గా ఎలా మోసం చేయగలుగుతున్నారు? 1982లో రాసిన ఎస్‌ఎమ్‌టీపీ నియమాల మీదే ఈమెయిల్ ఇప్పటికీ నడుస్తోంది. పంపినవాడు ఎవరో రుజువు చేసే ఏర్పాటు వాటిలో లేదు. పోస్టు కవరు వెనక ఎవరి పేరైనా రాయొచ్చు కదా, ఇదీ అంతే. తర్వాత వచ్చిన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ తనిఖీలు అసలు డొమైన్ పేరుతో వచ్చే దొంగ మెయిళ్లను చాలావరకు ఆపుతాయి. దగ్గరి పోలికతో కొత్త డొమైన్ కొనుక్కున్నవాణ్ణి మాత్రం ఆపలేవు. అక్కడ కాపలా మనదే.

టాక్స్ రీఫండ్ అని మెయిల్ వస్తే అందులోని లింక్ నొక్కవద్దు. ఇన్‌కంటాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ అని మీరే టైప్ చేసి చూసుకోండి. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 కల్లా తమ వెబ్‌సైట్లను ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కి మార్చాలని ఆర్‌బీఐ ఆదేశించింది. బ్యాంకు పేరుతో వచ్చిన వెబ్‌సైట్ అడ్రస్ చివర ఆ మాట ఉందో లేదో చూడండి. ఆర్టీజీఎస్, నెఫ్ట్‌లలో డబ్బు ఖాతా నంబరుని బట్టే జమవుతుంది, మనం రాసిన పేరుని బట్టి కాదు. డబ్బు పంపే ముందు ఖాతాదారు పేరు చూసుకునే సౌకర్యాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికి ఇవ్వాలని బ్యాంకులకు ఆర్‌బీఐ చెప్పింది. దాన్ని తప్పక వాడండి.

నష్టం వస్తే బ్యాంకు ఇస్తుందిలే అన్న ధీమా వద్దు. 2017 జూలైలో ఆర్‌బీఐ ఇచ్చిన నియమాల ప్రకారం, మన తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా డబ్బు పోతే, బ్యాంకు సమాచారం ఇచ్చాక 3 పనిదినాల్లోపు ఫిర్యాదు చేసినవారికి పూర్తి రక్షణ ఉంటుంది. పాస్‌వర్డో ఓటీపీయో మనమే ఇచ్చి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మన నష్టమే. మన చేత్తో మనమే పంపిన డబ్బు ఆ నియమాల కిందికే రాదు.

మెయిల్ పాస్‌వర్డ్ మరెక్కడా వాడకండి. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ అన్నచోట మీకు తెలియని అడ్రస్ ఉంటే వెంటనే తీసేసి పాస్‌వర్డ్ మార్చండి. దొంగలు లోపలికి వచ్చాక మన మెయిళ్ల కాపీలు తమకు చేరేలా అక్కడే ఏర్పాటు చేసుకుంటారు.

డబ్బు పోయిందని తెలిస్తే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకి చెప్పండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు రాయండి. డబ్బు దొంగ ఖాతాలోంచి వేరే ఖాతాలకి మారిపోయే లోపే ఆపించాలి.

ఇంట్లో అయినా ఆఫీసులో అయినా ఈ ఒక్క కట్టుబాటు పెట్టుకోండి. ఖాతా మారిందని మెయిల్ వస్తే, ఎంత తొందరపెట్టినా, ఎంత పెద్దవాళ్ల పేరుతో వచ్చినా, మీ దగ్గరున్న పాత నంబరుకి ఫోన్ చేసి, తెలిసిన గొంతుతో మాట్లాడకుండా ఒక్క రూపాయి కూడా పంపకండి.